రిమ్ము పగిలిన రోడ్డు

రెండువేల తొలినాళ్ళలో ముమ్మిడివరం నుంచి వస్తుంటే కారు గోతిలో పడి అల్లాయ్ చక్రం పగిలింది. పక్క సీట్లో ఉన్న అమ్మకు చెయ్యి విరిగింది. ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు మా బాబాయిగారే.

"నిన్ను చదివించిన మనిషి. ఏమీ అనకు" అంది అమ్మ.

కొత్త చక్రాలు కొనడానికి అమలాపురం వెళ్తే ఆయనా వెంట వచ్చారు. తేలిగ్గా ఉండి గోతులకు తట్టుకునేవి కావాలని అడిగాను.

"అల్లాయ్ తేలికేనండీ, కానీ గట్టి దెబ్బకి పగిలిపోద్ది. ఇనప చక్రమైతే సొట్ట పడినా కొట్టి సరిచేసుకోవచ్చండి" అన్నాడు కొట్టాయన.

"ఇనపవే తీసుకోరా. మన రోడ్ల సంగతి తెలిసిందే కదా" అన్నారు బాబాయిగారు, ఏ జంకూ లేకుండా.

ఇనప చక్రాలే బిగించుకుని, ఆయన్ని ఇంటి దగ్గర దింపాను. దిగుతూ, అమ్మను అడిగానని చెప్పమన్నారు.