ప్లీడరుగారు నమిలిన ఆకు

మా ఫిల్మ్ నగర్ వీధి ప్లీడరుగారు మొన్న నిద్రలోనే పోయారు. ఆసుపత్రి, గొట్టాలు ఏమీ లేవు. ఆ మటుకు నాకు నిమ్మళంగానే ఉంది. మన కాలనీ సంతాప సభలో మీలో ఒకరు "గంజాయికి వత్తాసు పలికినా మంచి మనిషి" అన్నారు. తప్పు. గంజాయి దుకాణాలు తెరవమని ఆయన ఏనాడూ అనలేదు. తాగినవాణ్ణి జైలుకు కాదు, డాక్టరు దగ్గరకు పంపమన్నారు. ఆ తేడా తెలియనివారు మైకు పట్టుకోకూడదు.

ఎదురువాదం నాదే కాబట్టి నాకు తెలుసు. కాలనీ సమావేశాల్లో "చట్టం సడలిస్తే పిల్లలు పాడైపోతారు" అని నేను లేవగానే ఆయన చెయ్యెత్తేవారు. "ఆగండి మేడమ్, ముందు మీ కేసు నేను చెప్త. తక్కువైతే మీరు కలపండి." కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నాకంటే నా వాదన ఆయన నోటే బాగుండేది. ఒళ్ళు మండేది. ఆ తర్వాత తన మాట ఒక్కటే: "భయపడ్డ తల్లి బిడ్డను దాస్తది మేడమ్, దవాఖానకు తీస్కపోదు."

"దాచకుండా చెంప పగలగొట్టే తల్లులూ ఉన్నారు" అనేదాన్ని.

"మీ క్లాసుల నేను లేకపోవుడు మంచిదైంది" అనేవారు.

మా డాబా మీది గదిలో అద్దెకుండే అమ్మాయి సినిమాల్లో ఆర్ట్ అసిస్టెంటు. పోయిన వేసవిలో ఓ స్మగ్లింగు సీను కోసం చీలికల ఆకుల గోంగూరను కట్టలు కట్టి ఎండబెట్టింది. తెర మీద గంజాయిలా కనిపించాలట. నీళ్ళ ట్యాంకు చూడబోయిన మా కాలనీ కార్యదర్శి ఆ కట్టలు చూసి పోలీసులను పిలిచాడు. పైగా వీడియో తీయడం మొదలుపెట్టాడు. "గోంగూర సార్, షూటింగుకి సార్" అని ఆ పిల్ల ఏడుస్తుంటే వినేదెవరు? వీడియో బయటికెళ్తే, నిజం తర్వాత తేలినా ఆమెను ఏ సెట్లోకీ రానివ్వరు.

ప్లీడరుగారు లుంగీతోనే మెట్లెక్కి వచ్చారు. అప్పటికే వచ్చిన ఎస్సై చూస్తుండగానే ఓ ఆకు తుంచి నోట్లో వేసుకున్నారు. మొహం వంకరపోయింది. "పుల్లగుంది సారూ. మీరూ జర నమిలి చూడుండ్రి."

సాక్ష్యాన్ని తినేసే ప్లీడరును అప్పుడే చూశాను. ఎస్సై వాసన చూశాడు, నమిలాడు, నవ్వాపుకుంటూ దిగిపోయాడు. ప్లీడరుగారు కదల్లేదు. "సెక్రటరీ సాబ్, గా వీడియో నా ముంగట తీసెయ్యుండ్రి." తీసేసేదాకా అలాగే నిలబడ్డారు.

అమ్మాయి కుదుటపడ్డాక నా వైపు తిరిగారు. "మేడమ్, పులుపు లేకుంటే గీ పిల్లను ఏం జేస్తుంటిమి?"

ఆలోచించి చెప్తానన్నాను. ఆయన తొందరపెట్టలేదు. దుకాణం వద్దని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పిల్లను డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్ళేదాన్నని ఓ సాయంత్రం వెళ్ళి చెప్పొచ్చాను. "సగం కేసు గెలిచిన" అని మురిసిపోయారు. ఆయన ఉండగానే చెప్పగలిగాను. అదే ఊరట.

గంజాయికి అలవాటుపడ్డ పిల్లల్ని వెంటబెట్టుకుని కృష్ణానగర్ నుంచి ఆయన సలహాకు వచ్చే తల్లులు ఇంకా ఆయన గేటు దగ్గర ఆగుతున్నారు. ఆయన కూతురూ ప్లీడరే. సాయంత్రాలు ఆయన వాళ్ళతో మాట్లాడే గదిలో ఇక తను కూర్చుంటానంది. అయితే గేటు దీపం మాడిపోయి ఇల్లు మూసేసినట్టుంది. నిన్న ఒకామె కొడుకు చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది. మీలో ఎవరైనా టోలిచౌకి బజారు వైపు వెళ్తే ఓ బల్బు తెండి. పెద్దది, తెల్లటిది. చీకటిపడేలోగా పెట్టించండి.