బిళ్ళలక్క

ప్రయోగశాలలో అందరూ ఆమెను బిళ్ళలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా సిరామిక్ పొడి నూరి, అదిమి, కొలిమిలో కాల్చి, చొక్కా గుండీ అంత బిళ్ళలు చేస్తోంది. ఒక్కోదాన్నీ గోటితో మీటి, పగులు లేదని చెవి ఒగ్గి వింటే గాని ఎవరి చేతికీ ఇవ్వదు. ఆ బిళ్ళల్లో ప్రోటాన్లనే సూక్ష్మ కణాలు నడుస్తాయి. బిళ్ళను నొక్కితే ఆ నడక పెరుగుతుందని అక్కడి పరిశోధకుడొకడి ఆశ. ఒకరోజు బిళ్ళను నొక్కే మర బిగించగానే ప్రోటాన్ల ప్రవాహం రెండింతలైంది. అతను ఎగిరి గంతేసి పత్రికకు వ్యాసం పంపబోయాడు.

"బాబూ, మర వదులు చేసి చూశావా? నొక్కడం వల్లే పెరిగుంటే, వదిలేశాక తగ్గాలి కదా!"

"నాలుగేళ్ల కష్టం అక్కా, ఇప్పుడు అడ్డుపుల్ల వెయ్యకు."

"బిళ్ళ నేను చేసిందే. తప్పుంటే నాదే. చూడు."

వదులు చేశాడు. ప్రవాహం తగ్గలేదు. భూతద్దంలో చూస్తే, మర బిగింపుకు బిళ్ళలో వచ్చిన వెంట్రుకంత పగులు. అందులో చేరిన తేమే కణాలకు దొంగదారి ఇచ్చింది. అతను తల పట్టుకున్నాడు. ఆమె పొడి నూరడానికి కూర్చుంది. పదకొండు రోజుల్లో తొమ్మిది కొత్త బిళ్ళలు చేతిలో పెట్టింది. తొమ్మిదింటిలోనూ నొక్కితే ప్రవాహం తగ్గింది, వదిలితే మళ్ళీ పెరిగింది. అతను ఆశపడినదానికి అది పూర్తిగా వ్యతిరేకం, కానీ నిజం. వ్యాసం మీద తన పేరు పక్కనే ఆమె పేరూ రాసి చూపించాడు.

ఆమె చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుంది. "నాకో కాపీ ఇవ్వు బాబూ. నేనిక్కడ పిండి రుబ్బుతున్నాననుకుంటోంది మా అమ్మాయి."