పొద్దుగాల చాయ్ ఎవరు పెట్టిండ్రు?

పోయిన మంగళవారం నా భార్య చనిపోయింది. ఆ రోజు ఐదింటికి లేచింది. ఐస్ డబ్బా భుజానికి తగిలించుకుని ఆరింటికి పెగడపల్లి బస్సెక్కింది. మధ్యాహ్నం జగిత్యాల తిరిగొచ్చి, రక్తం సీసాలు ల్యాబులో అప్పజెప్పి, మూడింటికి ఇల్లు చేరింది. ఎడమ భుజం పట్టుకుని కూర్చుంది. "ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగాను. "లేదు" అంది. డబ్బా మోసి మోసి పట్టేసిందనుకున్నాను. భుజానికి మందు రాశాను. పడుకుంది. ఐదింటికి చాయ్ పెట్టి లేపబోయాను. లేవలేదు.

ఆమెను ఎరగని వారికి ఆమె పని గురించి చెప్పాలి. గర్భిణులకు వచ్చే షుగరు, వాళ్ల తిండి, పుట్టిన పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే ఒక బృందంలో తొమ్మిదేళ్లు నర్సుగా తిరిగింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వాటి చుట్టూ ఊళ్లు. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తం, పుట్టాక బిడ్డ బరువు, పొడవు, జబ్బ చుట్టుకొలత.

పరీక్షకు పరగడుపున రావాలి. ఒకసారి రక్తం తీసి, గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీస్తారు. చెప్పడానికి ఇంతే. కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లు తంబాకు చాటలతోనే వచ్చేవారు. నేను కాలేజీ లెక్చరర్‌ని. సెలవుల్లో ఒకసారి ఆమె వెంట వెళ్లాను.

"చాట పక్కకు పెట్టు బిడ్డా. రెండు గంటలు ఊకె కూసో" అంది ఒకామెతో.

"ఊకె కూసుంటే నా బీడీ కట్టలు నువ్వు కడ్తవా మేడం?"

"కడ్త. నా సూది నువ్వు పట్టు."

గదంతా నవ్వింది. చివరి ఆమె రక్తం తీసేదాకా నా భార్య కూడా ఏమీ తినలేదు. రోజూ అంతేనని అప్పుడే తెలిసింది. ఈ వయసులో ఇదేం పని అన్నాను. "వాళ్లు ఆకలితోని కూసుంటే నేను ఎదురుంగ ఎట్ల తింట?" అంది. నేను వాదించాను. ఆమె వాదించలేదు, మానలేదు.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇళ్లలో నేల అదురుతుంది. పసిపిల్లను తూకం మీద పెడితే అంకె నిలవదు. సాంచె ఆపమంటే ఆ ఇంటివాళ్ల పని పోతుంది. ఆమె ఆపమనేది కాదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పోగు తెగినప్పుడు సాంచె దానంతట అదే ఆగుతుంది. వాళ్లు ముడి వేసేలోపు తూచేది.

ఇంత ఓపిక గల మనిషి ఒక తప్పు చేసింది. దాన్ని దాచడం ఆమెకు ఇష్టముండదు. అందుకే రాస్తున్నాను.

నాలుగేళ్ల కింద, పెగడపల్లి దగ్గరి ఒక ఊళ్లో, తొలిచూలు అమ్మాయిని అడిగింది. "ఏమన్న తిన్నవా?" "ఏం తినలే మేడం." అబద్ధం కాదు. మా వైపు చాయ్‌ని తిండిలో లెక్కపెట్టరు. చక్కెర దండిగా వేసిన చాయ్ తాగి వచ్చిందా పిల్ల. లేని షుగరు ఉన్నట్టు తేలింది. ఇంటికి పోయాక అత్త భయపడి కోడలికి అన్నం బంద్ చేసింది. పూటకొక రొట్టె పెట్టింది. అంత కట్టడి చేయమని ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో నెలలో నా భార్య వాళ్లింటికి వెళ్లినప్పుడు మాటల్లో ఆ అత్తే అంది. "పరీక్ష నాడు గూడ చాయ్ నేనే పోసిన. కడుపుతోని ఉన్న పిల్ల ఉత్త కడుపుతోని గడప దాటద్దు గదా."

పుట్టిన ఆడపిల్ల రెండు కిలోలు కూడా లేదు. చాలా రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. బతికింది.

చాయ్ మాట విన్న రోజు నా భార్య ఇంటికొచ్చి చెప్పులు విడవకుండా కూర్చుంది. "నేను అడిగిన తీరే తప్పు" అంది. "ఉన్నది, లేదు అని జవాబొచ్చేటట్టు అడగొద్దు. అట్ల అడిగితే మనకు కావలసిందే చెప్తరు." మర్నాడు ఆ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని అత్తకు చెప్పింది. ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే. "పొద్దుగాల చాయ్ ఎవరు పెట్టిండ్రు?" "మా అత్త పెట్టింది, అందరం తాగినం" అని వెంటనే బయటపడేవారు. మూడు పట్టణాల్లోనూ ఆమెకు చాయ్ మేడం అని పేరు పడింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు మళ్లీ ఏడో నెల. ఊరి దవాఖానాలో వేలి నుంచి రక్తం తీసి చూస్తే షుగరు ఎక్కువ చూపింది. ఈసారి నిజంగానే ఉండవచ్చని, తేలితే వెంటనే మందు మొదలుపెట్టాలని బృందంలోని డాక్టరమ్మ అంది. అత్త నమ్మలేదు. "పోయినసారి గూడ గిట్లనే అన్నరు." నా భార్య ఐదుసార్లు తిరిగింది. చివరికి పోయిన మంగళవారం కోడలిని పంపడానికి అత్త ఒప్పుకుంది.

భుజానికి మందు రాస్తుంటే ఆ పొద్దున ఏమైందో చెప్పింది. అమ్మాయి పరీక్షకు వచ్చింది. చాయ్ ఎవరు పెట్టిండ్రని అడిగితే, "అత్తనే పెట్టింది మేడం" అని నాలిక కరుచుకుంది. నా భార్య సూది పక్కన పెట్టి, ఇంటిదాకా వెంట వెళ్లి, ఇంకొక్క వారం గడువు అడిగింది. "ఇగ ఇదే ఆఖరు. నువ్వస్తెనే. ఇంకెవలన్న అస్తె తలుపు దియ్య" అందట అత్త.

"వచ్చే మంగళారం తప్పొద్దు" అంది నాతో. ఆమె ఆఖరి మాట అదే.

ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. నాకు కావలసిందే చెప్పింది.

నిన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. కొత్త నర్సు వెళ్తే తలుపు తీయలేదట. నా భార్య నోటుబుక్కులో ఆ ఇంటి నంబరుంది. ఈ పొద్దున చేశాను. అత్తే ఎత్తింది.

"ఎవలు?"

"చాయ్ మేడం భర్తను."

"గట్ల గావద్దుండె సారూ" అంది.

"రేపు మంగళవారం" అన్నాను.

"మీకు దినాలు గాలే. కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది. మీరు మా ఇంట్లకు రావద్దు."

"లోపలికి రాను. బజార్ల నిలబడతా."

వెనక నుంచి కోడలి గొంతు. "నేను పోత అత్తా."

"నువ్వు ఊకో" అని, నాతో, "ఉత్త కడుపుతోని గడప ఎట్ల దాటుతది సారూ? మేడంకు గూడ గదే చెప్పిన" అంది.

మైలలో ఉన్న నేను ఆ గడప లోపలికి పోకూడదు. ఆ పిల్ల బయటికి రాకూడదు. అప్పుడు తోచింది.

"దాటొద్దు. నర్సే లోపలికి వస్తది. రెండు గంటలు మీ మంచం మీదనే కూసుంటది మీ కోడలు."



"చాయ్ సంగతి నన్నడుగుండ్రి. పిల్లను గాదు" అంది.

తలుపు తీస్తానని అనలేదు. తీయనని కూడా అనలేదు.

రేపు పొద్దున ఆరింటి బస్సుకు పోతాను. కొత్త నర్సు నాతో వస్తుంది. ఐస్ డబ్బా నేను మోస్తాను. ఆ ఇంటికి ఎదురుగా, వీధికి ఇవతల నిలబడి, పొద్దుగాల చాయ్ ఎవరు పెట్టిండ్రని అడుగుతాను. తలుపు తీస్తే, రెండోసారి రక్తం తీసేదాకా అక్కడే ఉంటాను. అప్పటిదాకా నేనూ ఏమీ తాగను.