ఒకే నంబరు మీద ఇద్దరు

నేను బడి మొహం చూడలేదు. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. పెళ్లయ్యాక మా ఆయన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి డేటాబేస్ నేర్పాడు. ఆ రెండు చదువులకీ రోజూ ప్రార్థనలో వందనాలు చెప్పుకుంటాను. అందుకే మా చర్చి సంఘం వాళ్లు సంతబొమ్మాళి వైపు సముద్రపు ఊళ్లో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టి, చీటీలు కంప్యూటర్‌లోకి ఎక్కించమంటే సంతోషంగా ఒప్పుకున్నాను.

రెండు పట్టికలు చేశాను. ఒకదాంట్లో మనుషులు, రెండోదాంట్లో రక్తపరీక్ష ఫలితాలు. ఎవరి ఫలితం ఎవరిదో కలపాలంటే మనిషికొకటి, ఇంకెవరికీ లేని గుర్తు ఉండాలి. దాన్ని ప్రైమరీ కీ అంటారు. నేను ఫోన్ నంబరు పెట్టాను. రక్తం తీసిన సీసాల మీదా అదే రాయించాను.

చీటీలు ఎక్కిస్తుంటే ఒకచోట కంప్యూటర్ మొరాయించింది. ఈ నంబరు ముందే ఉందంది. చూస్తే అదే పేరు, అదే ఇంటిపేరు. వయసు మాత్రం నాలుగేళ్లు తేడా. మా వైపు ఆడవాళ్లు వయసు ఎప్పుడు సరిగ్గా చెప్పారు గనక? క్యాంపులో ఇచ్చే టిఫిన్ పొట్లాం కోసం రెండోసారి లైన్లో నిలబడి ఉంటుందని అనుమానించాను. ఆ చీటీ పక్కన పెట్టేశాను.

ఆ పేరు ఆ ఊరి నుంచి టెక్కలిలో మా గుమ్మానికి చేపలు తెచ్చే ఆమెది. అక్కా అని పిలుస్తాను. ఫలితాలు వచ్చాక ఆమె నంబరు కొడితే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది అని వచ్చింది. బాగుందని చెప్పాను. ఆమె గంప దించి వాళ్ల అమ్మవారికి దండం పెట్టుకుంది. నేను నా ప్రభువుకి వందనాలు చెప్పుకున్నాను.

మూడు వారాల తర్వాత చేపలు కోస్తూ ఆమె నవ్వింది.

"ఏటమ్మా, మా తోటికోడలికి రిపోర్టే రానేదు. దాని రగతం ఎవులు తాగీసినారు?"

"ఆమె కూడా ఇచ్చిందా? పేరేంటి?"

"నా పేరే. మా అమ్మోరి పేరు. మా ఊర్లో సగం మందికి అదే."

"ఫోనో?"

"మా మరిది కాడున్నదే ఇంటికల్లా ఫోను."

చేతిలో గిన్నె కింద పెట్టాను. ఆమె పాదాల వైపు చూశాను. చెప్పు వారు కింద గాడి పడి ఉంది.

"వాచాయేంటక్కా?"

"ఎండల తిరిగితే వాయవా? నొప్పికి రోజూ మాత్రేత్తన్నాను గదా. కిడ్నీ బాగుందని నువ్వే సెప్పినావు."

ఆమె వెళ్లగానే ఫలితాల పట్టిక తెరిచాను. ఆ నంబరు మీద రెండు వరసలు. ఒకటి సున్నా పాయింట్ తొమ్మిది, రెండోది మూడు పాయింట్ ఒకటి, అంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే. నేను చేసిన రిపోర్టు పేజీ మొదటిదే చూపించి ఊరుకుంది. అప్పుడూ నా అనుమానం నా మీదికి రాలేదు. ఒకే సీసాని రెండుసార్లు పరీక్ష చేశారేమోనని ల్యాబ్‌కి ఫోన్ చేశాను. "రెండు సీసాలే వచ్చాయమ్మా, నంబరు ఒకటే," అన్నారు.

ఇద్దరిలో మూడు పాయింట్ ఒకటి ఎవరిదో చెప్పే గుర్తు ఇక ఎక్కడా లేదు. ఆ సాయంత్రం మందులషాపు ముందు నుంచి పోతుంటే, పాడైన కిడ్నీని ఇంకా చెరిచే ఆ నొప్పి మాత్రలు గుర్తొచ్చాయి. నేను చెప్పిన వందనాలు ఎవరి రక్తానికో కూడా తెలియలేదు.

మర్నాడే వాళ్ల ఊరు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. తోటికోడలు పళ్లు బయటపెట్టి నవ్వింది. "నన్ను నెక్కలోనుంచి తీసీసినావేటి?" అక్క నవ్వలేదు. "మాత్ర ఆపీమంటావా?" అని మాత్రం అడిగింది. ఆపమన్నాను. ఇద్దరికీ మళ్లీ రక్తం తీయించాను. ఈసారి సీసాకీ చీటీకీ చేతికీ ఒకే అంకె, నా చేత్తో రాశాను. అక్కది పదిహేడు, తోటికోడలిది పద్దెనిమిది.

ఎక్కువ వచ్చింది పదిహేడుకి.

పలాసలో డాక్టరు నొప్పి మాత్రలు పూర్తిగా మాన్పించి మందులు మొదలుపెట్టాడు. డయాలసిస్ యంత్రం ఎక్కించే స్థితి ఇంకా రాలేదన్నాడు. ఆ మూడు వారాలు ఎంత చెరిచాయని అడిగాను. ఆయన ప్రతి నెలా పరీక్ష చేయించమని కాగితం మీద రాసిచ్చాడు.

అక్క ఇప్పుడూ చేపలు తెస్తుంది, గంప చిన్నదైంది. ప్రతి నెలా రిపోర్టు తెస్తుంది, కానీ వెంటనే నాకివ్వదు, ముందు తనే చేతిలో పట్టుకుని నిలబడుతుంది.

"నా నంబరెంత?"

"పదిహేడు."

"దీని మీద ఏ నంబరుంది, సదువు."

చదువుతాను. అప్పుడు ఇస్తుంది.