సెప్టెంబరులోనే వెలిగిన స్టార్

సెప్టెంబరు సగం కూడా కాలేదు, మా అమ్మ ఈ రోజు గుమ్మం ముందు క్రిస్మస్ స్టార్ వెలిగించింది. డిసెంబరు వచ్చేదాకా నిచ్చెన ఎక్కనని నేను తెగేసి చెప్పాను కాబట్టి, రంగు లైట్లు మాత్రం అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

సాయంత్రం అరకు చూడ్డానికి వచ్చిన ఒక జంట ఆ స్టార్ చూసి, మా ఇల్లు హోటలనుకుని కారు ఆపారు.

"బొంగు చికెన్ ఉందా అండీ?" అని అడిగాడతను.

"సికెన్ లేదు గానీ, పొడుగ్గా ఉన్నావు బాబూ. ఈ లైట్లు బేగి ఆ సూరుకి కట్టెయ్యి, కాఫీ ఇత్తాను" అంది అమ్మ.

పాపం, కట్టేశాడు. కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ "హ్యాపీ క్రిస్మస్" అని కూడా చెప్పాడు.

అమ్మ నా వైపు తిరిగి, "సూసేవా, పైఊరోళ్ళకి కూడా తెలిసిపోనాది" అంది.

మీ ఇళ్ళలో క్రిస్మస్ ఏ నెలలో మొదలవుతుందో చెప్పండి. డిసెంబరు అన్నవాళ్ళ కామెంట్లు మాత్రమే అమ్మకు చదివి వినిపిస్తాను.