కడిగి ఇచ్చిన గిన్నెలు

మా అమ్మాయి ఆర్ట్ డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి మా ఇంట్లో ఏ వస్తువూ తన పని తాను చేసుకోవడం మానేసింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే పక్కనే ఫోన్ పెట్టి రికార్డు చేసేది. వాళ్లమ్మ పాత చీరల అంచులు కత్తిరించి బాల్కనీ రెయిలింగుకు కట్టి, వానకు రంగు ఎలా దిగుతుందో చూసేది. ఒకసారి నల్లటి అట్ట మీద బియ్యప్పిండి చల్లి, టేబుల్ ఫ్యాన్ తిప్పి, ఎగిరిపోగా మిగిలినదాన్ని ఫొటో తీసింది. ఆ పిండి ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటు కార్పెట్‌ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

"ఏంటమ్మా ఇది?" అంటే, "ఎక్స్‌పెరిమెంట్ నాన్నా," అనేది.

మా చుట్టుపక్కల పిల్లలందరూ కంప్యూటర్ సైన్సు. మా అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే మా ఆవిడ "డిజైనింగ్" అనేది. "ఓ, యూఎక్సా? యాప్‌ల డిజైనే కదా! మంచి డిమాండ్ ఉందండీ," అని వాళ్లే తృప్తి పడేవారు. మా ఆవిడ అవుననేది కాదు, కాదనేదీ కాదు.

చివరి ఏడాది పిల్లలందరూ వసంతంలో కాలేజీ గ్యాలరీలో తలా ఒక గోడ తీసుకుని ప్రదర్శన పెట్టాలి. అంతకుముందు మార్చిలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని ఎవరి పనికి గోడ ఇవ్వాలో తేలుస్తారు. లేదన్నారంటే మే నెలలో పట్టా లేదు, ఇంకో సెమిస్టరు చదవాలి. మా అమ్మాయికి వేసవి నుంచి ఒక కుండల స్టూడియోలో అసిస్టెంటు పని దాదాపు ఖాయమైంది. పట్టా వస్తేనే అని షరతు. కాబట్టి ఆ పిండి, ఆ విజిళ్లు మాకు తమాషాగా కనబడ్డా, తనకు తమాషా కాదు.

తనకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసరమ్మ ప్రతి ప్రయోగాన్నీ శ్రద్ధగా చూసి ఒకే మాట అనేదట: "బాగుంది. కానీ నీ ప్రశ్న ఏంటి?"

ఆ మాట విన్న రోజల్లా అమ్మాయి బ్యాగు సోఫాలో విసిరేసి కూర్చునేది. నేను అమెరికా రాకముందు పదేళ్లు తెలుగు దినపత్రిక డెస్కులో కూర్చుని వచ్చినవాణ్ని. "మా న్యూస్ ఎడిటరూ ఇదే అడిగేవాడమ్మా. బాగా రాశావయ్యా, ఇందులో వార్తేదీ, అని," అన్నాను.

"అప్పుడు నువ్వు ఏం చేసేవాడివి?"

"టీకి వెళ్లేవాణ్ని."

"చాలా హెల్ప్‌ఫుల్, నాన్నా."

క్రిస్మస్ సెలవుల్లో ప్రశ్న దొరికింది. ఒక ఇంట్లో తిన్న తిండిని ఆ ఇంటి గిన్నె గుర్తు పెట్టుకుంటుందా? మట్టి గిన్నెను ఒక్కసారే కాల్చి, పైన గాజుపూత వేయకుండా వదిలేస్తే, అందులో ఏం పెడితే అది పీలుస్తుందట. మా కాంప్లెక్సులోని తెలుగు ఇళ్లకు ఇంటికొకటి ఇస్తుంది. వాళ్లు నెల రోజులు పప్పో పులుసో అందులో పెట్టుకుంటారు. నెల తర్వాత ఒక్కో ఇంటి మరకలతో ఒక్కో గిన్నె తిరిగొస్తుంది. ఆ మరకలే బొమ్మలు. ప్రొఫెసరమ్మ ఈసారి ప్రశ్న అడగలేదట, తల ఊపిందట.

ఇక ప్లాను మొదలైంది. జనవరిలో చేయడం, ఫిబ్రవరి అంతా వాడకం, మార్చి మొదట్లో వసూలు, ఆ తర్వాత ప్రొఫెసర్ల ముందు కూర్చోవడం. మా పత్రిక ఎన్నికల ప్రత్యేక సంచికకు కూడా అంత ప్లాను వేసేది కాదు. గిన్నెలు సగం ఆరాక కాలేజీలో కూర్చుని స్టీలు గరిటె వెనకవైపుతో లోపలా బయటా రుద్దేది. పచ్చిమట్టి మెరుగెక్కి గచ్చులా నిగనిగలాడేది. అందుకే మా ఇంట్లో పప్పు గరిటె కనబడకుండా పోయిందని మా ఆవిడకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

గిన్నెలు పంచడానికి ఇద్దరం వెళ్లాం. పెట్టె మోయడం నా వంతు, మాట్లాడటం తన వంతు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చు, కాస్త కుంటుతూ వస్తుంది.

"ఆంటీ, ఇందులో డైలీ పప్పు, కూర, ఏదైనా పెట్టుకోండి. తర్వాత నీళ్లు పోసి తీసేయండి, అంతే. సోప్ వద్దు, స్క్రబ్ వద్దు. తిరిగి ఇచ్చేటప్పుడు అసలు కడగొద్దు, ప్లీజ్. మరకలు ఉంటే నాకు ఇంకా హ్యాపీ."

ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "ఎంత మర్యాదమ్మా నీకు!" పిల్లను మెచ్చుకుంటున్నారు కదా అని నేను పెట్టె మోస్తూ పొంగిపోయాను. ఆ మెప్పులో ఏదో తేడా ఉందని నా చెవికి తట్టలేదు.

మార్చి మొదటి శనివారం వసూళ్ల రోజు. ముందుగా ఎదురు బిల్డింగులో ఉండే రాజమండ్రి ఆవిడ వచ్చింది. గిన్నె మీద ఫాయిల్ కప్పి ఉంది. తీస్తే పులిహోర.

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదమ్మా," అంది.

మా అమ్మాయి పులిహోరను వేలితో పక్కకు తోసి గిన్నె లోపలికి చూసింది. మొహం మారిపోయింది.

"ఆంటీ... కడిగారా?"

"అయ్యో, కడక్కుండా ఇస్తానా? నిమ్మచెక్కతో తోమి, తర్వాత స్టీలు పీచు పెట్టాను. ఆ పసుపు ఒక పట్టాన వదల్లేదనుకో."

"కడగొద్దు అన్నాను కదా ఆంటీ!"

"నువ్వలాగే అంటావులేమ్మా. మంచి పిల్లవి."

తర్వాత కరీంనగర్ ఆవిడ. గిన్నె నిండా సకినాలు. "ఖాళీ గిన్నె ఎట్లిస్తం బిడ్డా? మరకలైతె శాన సతాయించినయ్. సోడా ఏసి నానవెట్టి, రుద్దంగ రుద్దంగ పోయినయ్." ఆమె వెనకే ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి గుత్తొంకాయ కూరతో వచ్చాడు. "మా ఆవిడ వల్ల కాలేదు. నేనే శాండ్‌పేపర్ పట్టించాను. చూడు, నువ్విచ్చినప్పటికంటే నీటుగా ఉంది," అన్నాడు, అవార్డు అందుకున్నవాడిలా.

సాయంత్రానికి మా డైనింగ్ టేబుల్ పెళ్లివారి విడిదిలా తయారైంది. అన్ని గిన్నెలూ నిండుగా ఉన్నాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అమ్మాయి వాటి ముందు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నెల రోజుల డేటా నాన్నా. నిమ్మకాయతో డిలీట్ చేశారు."

"కడగొద్దు అన్నావు. నిజంగా కడగొద్దని ఎవరనుకుంటారు? భోజనాల దగ్గర నువ్వు 'చాలు ఆంటీ' అంటే ఎవరైనా ఎప్పుడైనా ఆగారా?"

"నో. ఇంకో గరిటె వేస్తారు."

"మరి? నువ్వు మొహమాటపడుతున్నావనుకున్నారు. నువ్వు ఎంత వద్దంటే అంత గట్టిగా తోమారు."

"ఇది ముందే చెప్పొచ్చు కదా?"

"నాకూ ఇప్పుడే తట్టింది."

"యూజ్‌లెస్ జర్నలిస్ట్," అని ఒక సకినం విరిచి నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లున్నాయి. సకినం మాత్రం బాగుందని ఒప్పుకుంది.

మరకలతో మిగిలింది తను మాకూ ఇచ్చిన మా ఇంటి గిన్నె ఒక్కటే. సొంత కూతురి దగ్గర మొహమాటం ఏముంటుంది? మా ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసింది. లోపల పసుపు రంగులో పప్పు గీత, దాని మీద చింతపండు పులుసు గీత, అడుగున ఆవకాయ నూనె చారలు. "చూశావా, మాట విన్నది నేనొక్కదాన్నే," అని దాన్ని టేబుల్ మధ్యలో పెట్టింది.

పిల్ల ఫెయిలయ్యేలా ఉందన్న కబురు రాత్రికల్లా కాంప్లెక్సు గ్రూపులో పాకింది. ఆదివారం పొద్దున్నే ఫోన్లు. అందరిలోనూ ఒకటే అపరాధ భావం, ఒకటే పరిష్కారం. "మల్ల పంపియ్యి బిడ్డా, రెండు దినాల్ల మంచి మరకలు జేసిస్త," అంది కరీంనగర్ ఆవిడ. శాండ్‌పేపర్ పెద్దమనిషి బీట్‌రూట్, కాఫీ డికాషన్, గుంటూరు కారం మూడింటిలో ఏది బాగా పడుతుందో అప్పటికే పరిశోధన చేసేశాడు.

ఫోన్ పెట్టేసి అమ్మాయి నా వైపు చూసింది. ప్రొఫెసర్ల ముందు కూర్చోవడానికి వారం కూడా లేదు.

"ఓకే అంటే ఏమవుతుంది నాన్నా? మరకలు మరకలే కదా."

తను సరదాకి అడగలేదని గొంతులోనే తెలిసింది. నేను సలహా ఇవ్వలేదు. మా ఊరి డెస్కులో జరిగిన సంగతి ఒకటి చెప్పాను. ఒక మంత్రిగారు రిబ్బన్ కత్తిరించేశాక మా ఫొటోగ్రాఫర్ వచ్చాడు. పాపం అని మంత్రిగారు ఇంకో రిబ్బన్ కట్టించి మళ్లీ కత్తిరించాడు.

"ఆ ఫొటో పేపర్లో వేశారా?"

"మొదటి పేజీలో."

"ఎవరికీ తెలియలేదా?"

"తెలియలేదు. కానీ ఆ ఫొటోలో జనమంతా కెమెరా వైపే చూస్తున్నారు. రిబ్బన్ వైపు చూసేవాడు ఒక్కడూ లేడు."

తను లేచి, గిన్నెల్లోని తిండిని పెరుగు డబ్బాల్లోకి మార్చడం మొదలుపెట్టింది. ఒట్టి గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి కిచెన్ కిటికీలో బోర్లించింది. పొద్దుటి ఎండ ఆ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంది. నేను పేపరు చూసుకుంటున్నాను.

"నాన్నా, ఇటు రా."

రాజమండ్రి ఆవిడ గిన్నె చేతిలో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతోంది. నేరుగా చూస్తే ఏమీ లేదు. ఎండకు వంచితే, గరిటెతో అంత మెరుగు పెట్టిన మట్టి మీద సన్నటి గీతలు, వందల కొద్దీ, చుట్టూ తిరుగుతూ అడుగుకు దిగి ఒకచోట ముడిపడ్డాయి. కరీంనగర్ ఆవిడ గిన్నెలో గీతలు తిరగలేదు. పైనుంచి కిందికి, పట్టుపట్టి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకచోట, బహుశా ఆ మొండి మరక ఉన్నచోట, చిన్న గుంటే పడింది. శాండ్‌పేపర్ గిన్నెకు మెరుపు మొత్తం పోయి, చదునుగా, బుద్ధిగా ఉంది. డిష్‌వాషర్‌లో వేశామన్న ఇంకో ఇంటివాళ్ల గిన్నె మాత్రం పాలిపోయి ఊరుకుంది.

"ఏ రెండూ ఒకలా లేవు," అంది. గొంతు తగ్గించి, అవి వింటాయేమో అన్నట్టు.

మధ్యాహ్నానికి గిన్నెలన్నీ అట్టపెట్టెలో వరసగా సర్దింది. మా ఇంటి గిన్నెను కాసేపు వాటి పక్కన పెట్టి చూసింది. తర్వాత తీసి షెల్ఫులో పెట్టేసింది. మా ఆవిడ చూడనే చూసింది.

"అదేంటే? అందరిలోకీ నువ్వు చెప్పినట్టు చేసింది నేను. నాదే తీసేశావా?"

"అమ్మా, నీది నేను అడిగిన ఆన్సర్. వాళ్లది వాళ్ల ఆన్సర్."

"మాట వింటే ఇదన్నమాట ఫలితం."

"సారీ అమ్మా. నువ్వు కూడా కొంచెం తోమి ఉంటే బాగుండేది."

మా ఆవిడ ఆ పూట మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. నేనేం చేశానో నాకు తెలియదు.

ఆ గురువారం కాలేజీకి నేనే తీసుకెళ్లాను. గిన్నెలు వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని. తను లోపలికి వెళ్లింది, నేను పార్కింగ్‌లో కూర్చున్నాను. తిరిగొచ్చి కారు తలుపు దగ్గర నిలబడింది.

"ఏమన్నారు?"

"జరిగింది మొత్తం చెప్పాను. ప్లాన్, నిమ్మకాయ, శాండ్‌పేపర్, అన్నీ. నీ ప్రశ్న మారిపోయింది కదా, అన్నారు. ఎస్ అన్నాను. అప్పుడు మా ప్రొఫెసర్ అడిగింది, నువ్వు చెప్పినట్టు ఒక్కరు కూడా చేయలేదా అని."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మ చేసింది, అందుకే ఆమెది తేలేదు అన్నాను. ఆవిడ నవ్వింది నాన్నా. ఫస్ట్ టైమ్."

"నవ్వు సంగతి తర్వాత. గోడ?"

"ఇచ్చారు. మేలో గ్రాడ్యుయేట్ అవుతున్నా." కార్లో కూర్చుని, తలుపు వేసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ప్రదర్శన రోజు మా కాంప్లెక్సు సగం అక్కడే ఉంది, పట్టుచీరల్లో. తనకిచ్చిన గోడ ముందు పొడవాటి తెల్ల బల్ల, పక్కనుంచి పడే లైటు, గీతలు తేలిన గిన్నెలు. ఆడవాళ్లు బల్ల పొడవునా వంగి వంగి నడిచి ఎవరిది వాళ్లు పట్టేసుకున్నారు. రాజమండ్రి ఆవిడ తన గీతలు చూసి బుగ్గలు నొక్కుకుంది. కరీంనగర్ ఆవిడ తన గిన్నె పక్కనుంచి కదల్లేదు, వచ్చినవాళ్లకల్లా ఆ గుంట చూపించింది. శాండ్‌పేపర్ పెద్దమనిషి దాని ముందు నిలబడి పిల్లలతో ఫొటో దిగాడు.

మా ఆవిడ కొంచెం వెనగ్గా, హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. రాజమండ్రి ఆవిడ వెనక్కి తిరిగి అడిగింది: "మీది ఏదండీ? కనబడలేదే?"

మా ఆవిడ బల్ల వైపు ఒకసారి చూసింది, జనం మధ్య ఎవరికో ఏదో చెబుతున్న కూతురి వైపు ఒకసారి చూసింది.

"మాది ఇంట్లోనే ఉందండీ," అంది. "వాడుకుంటున్నాం."