పల్లకీ కింద కుడి భుజం

ఆళ్లగడ్డ దగ్గర మా ఇంటికి ఒకప్పుడు ఎంత భూమి ఉండేదో చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. నా చేతికి వచ్చేనాటికి మిగిలింది ఒక్కటే: మా ఊరి స్వామి పల్లకీకి కుడివైపు ముందు కొయ్య కింద మొదటి భుజం మాది. ఉత్సవం రోజున మా ఇంటి పెద్దకొడుకు కండువా తీసి నడుముకు బిగించి భుజం ఆనిస్తేనే పల్లకీ లేవాలి. ఒక్క ఏడు ఆనించకపోయినా ఆ మర్యాద ఇంకో ఇంటికి పోతుంది. మా నాయన పోయాక అది నాకు వచ్చింది.

నొప్పి కూడా ఆయన తరువాతే వచ్చింది. కుడి రెక్క ఎముక కింద మొదలై భుజం మీదికి పాకేది. వచ్చిందంటే గోడకు ఆనుకుని పళ్లు బిగించి కూర్చోవలసిందే. మా అమ్మకు మాత్రం అందులో గర్వం ఉండేది.

"మీ నాయనకూ ఈ భుజమే నొచ్చేది. మోసే ఇంట్లో పుట్టినోనికి రాక యింకెవరికొస్తాది?" అనేది.

నాకూ గర్వంగానే ఉండేది. భుజం మీద వాతలు పెట్టించుకున్నాను. బలం రావాలని అమ్మ మేక కాళ్ల పులుసులో నెయ్యి పోసి తాగించేది. మా నాయనకూ అట్లాగే చేసేది.

ఒకనాడు నొప్పితో పాటు వాంతులు పట్టుకుంటే మా అమ్మ అక్క కొడుకు, నాకు అన్న, నన్ను బస్సెక్కించి నంద్యాలకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గుంటూరు వైపు మనిషి. భుజం మీది వాతలు చూశాడు. పడుకోమని, కుడి డొక్క కింద వేళ్లు ఆనించి నొక్కి, "గట్టిగా ఊపిరి పీల్చండి," అన్నాడు.

సగంలోనే ఊపిరి ఆగిపోయింది. నా నోట అంత కేక వస్తుందని నేను అనుకోలేదు.

"నొప్పి భుజంలో సార్," అన్నాను కోపంగా.

"తెలిసేది అక్కడ. పుట్టేది ఇక్కడ. పిత్తాశయంలో రాయి ఉందనుకుంటున్నాను. కర్నూలు వెళ్లి ఎక్స్‌రే తీయించండి."

"ఏంది సార్, డొక్కలో రాయుంటే భుజం నొస్తాదా? ఈడ ముల్లు గుచ్చుకుంటే ఆడ కుంటుతారా?" అన్నాడు మా అన్న.

డాక్టరు నవ్వాడు. "నరాల దారి అట్లాంటిది. సరే, నొప్పి ఎప్పుడొస్తుంది? మోసినప్పుడా?"

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. పల్లకీ మోసేది ఏడాదికి ఒక్కరోజు. నొప్పి ఏడాది పొడుగునా వచ్చేది. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"తిన్నాక," అన్నాను. "నెయ్యి, మాంసం తిన్నాక."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాయనకు ఉండేది."

"ఆయన ఎట్లా పోయారు?"

"చలిజ్వరం. కండ్లు పచ్చబడినాయి."

డాక్టరు నా కంటి రెప్పలు విప్పి చూసి, "ఇదే అయి ఉండవచ్చు. ఇప్పుడు తేల్చలేం," అన్నాడు. తిరుగు బస్సులో మా అన్న ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒక్క మాటా నాకు వినపడలేదు.

కర్నూలు అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అక్కడి ఎక్స్‌రేలో రాయి కనబడింది. ఆపరేషన్ చేసి తీశారు. బరువు ఎత్తవద్దన్నారు. అమ్మకు రాయి సంగతే చెప్పాను, నాయన మాట ఎత్తలేదు. ఆమె పొయ్యి ముందు కూర్చుని అంతా విని, "ఆయనకూ అన్నం తిన్నాకనే వచ్చేది," అంది. నేను తల వంచుకున్నాను. ఆమె లేచి నేతిగిన్నె ఉట్టి మీద పెట్టింది.

ఉత్సవానికి ముందు మా అన్న వచ్చాడు. "ఊరికే ఆనిస్తే సాలు చిన్నమ్మా, బరువు మేము మోస్తాం. లేకుంటే మర్యాద పోతాది."

"పోనీ," అంది అమ్మ. "నిలబెట్టుకున్నందుకు ఒకరిని ఇచ్చినా కదప్పా. ఇంకొకరిని ఇయ్యను."

ఆ ఏడు గుడి ముందు పల్లకీ సిద్ధం చేశారు. అందరూ నా వైపు చూశారు. నేను నిటారుగానే నిలబడ్డాను. కండువా తీయలేదు.